లింకు డాక్యుమెంట్లలో తప్పిపోయిన సమాధుల తోట: ఉత్తర టెక్సాస్ నుంచి ఒక కేస్ స్టడీ

డాలస్‌కు ఉత్తరాన, కొలిన్ కౌంటీలో ఒక పాత పత్తి చేను ఇళ్ల స్థలాలుగా మారే పనిలో ఉంది. లేఅవుట్ గీసేశారు, రోడ్లు ఎటు పోవాలో ఖాయమైంది, డ్రైనేజీ పైపులకు టెండర్లు కూడా పిలిచారు. ఆ దశలో, చేనుకు పడమటి పక్కన ఉండే ఒక పెద్దాయన కౌంటీ హిస్టారికల్ కమిషన్‌కు ఉత్తరం రాశారు. చేనులోని సెడార్ చెట్ల గుంపులో సమాధులున్నాయనీ, తన చిన్నప్పుడు వాళ్ల నాన్న అటు వెళ్లనిచ్చేవాడు కాదనీ అందులో ఉంది. బిల్డర్ చేతిలో ఉన్న టైటిల్ రిపోర్టులో, అంటే భూమి హక్కులు పరిశీలించి ఇచ్చే రిపోర్టులో, సమాధుల ఊసు లేదు. పన్నుల మ్యాపులోనూ లేదు. ఆ ఉత్తరం పట్టుకుని బిల్డర్ తరఫు ఇంజినీరు మా దగ్గరికొచ్చారు.

నేను భూమి సర్వే, మ్యాపింగ్ చేస్తాను. మరుగునపడిన పాత సమాధుల తోటలను వెతికి హద్దులు తేల్చడం కొన్నేళ్లుగా నా పనిలో ప్రధాన భాగం. ఫ్రిస్కో, మెకిన్నీ, ప్రాస్పర్ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇళ్లు కొంటున్నవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ కేసు తెలుగులో రాయాలనిపించింది. స్థలం ఫలానా అనీ, ఎవరి కుటుంబమనీ ఇక్కడ చెప్పను. కట్టడం ఇంకా నడుస్తోంది, పాత రాళ్లు ఎత్తుకుపోయేవాళ్లకు దారి చూపించడం నాకిష్టం లేదు. ఈ పనిలో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒకటే. ఇలాంటి శ్మశానం ముందు కాగితాల్లోంచి పోతుంది, నేల మీద పోవడం ఆ తర్వాతే. కాబట్టి కాగితాల్లోకి తిరిగి ఎక్కించేదాకా దాన్ని కాపాడినట్టు కాదు.

ముందు ఇక్కడి సంగతి కొంచెం చెప్పాలి. 1841లో, టెక్సాస్ ఇంకా స్వతంత్ర దేశంగా ఉన్నప్పుడు, ఈ ప్రాంతంలో జనాన్ని తెచ్చి నిలబెట్టడానికి పీటర్స్ కాలనీ పేరుతో ఒక ఒప్పందం జరిగింది. కుటుంబంతో వచ్చినవాళ్లకు 640 ఎకరాల దాకా, ఒంటరి మగాడికి 320 ఎకరాల దాకా భూమి. కెంటకీ, టెనెసీ, మిస్సోరీల నుంచి ఎద్దుబళ్ల మీద వచ్చారు. కొందరు తమ బానిసలనూ వెంట తెచ్చుకున్నారు. 1846లో కొలిన్ కౌంటీ ఏర్పడింది. అప్పటికి చర్చిలూ ఊళ్లూ దూరదూరం. ఇంట్లో ఎవరైనా పోతే సొంత భూమిలోనే, నీళ్లు నిలవని మెరక మీద పాతిపెట్టేవాళ్లు. పక్క పొలాలవాళ్లూ అక్కడికే తెచ్చేవాళ్లు. అలా ఒక కుటుంబం మెరక చుట్టుపక్కలవాళ్లందరి సమాధుల తోట అయ్యేది.

1872లో హ్యూస్టన్ అండ్ టెక్సాస్ సెంట్రల్ రైలు ఈ కౌంటీలోకి వచ్చింది. పట్టాలు పడ్డ చోట ఊళ్లు పెరిగాయి, పడని చోట ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఫ్రిస్కోలో ఉండేవాళ్లకు లెబనాన్ అనే ఒకప్పటి ఊరి పేరు రోడ్డు బోర్డు మీద కనిపిస్తుంది. 1902లో కొత్త రైలుమార్గం పక్కనుంచి పోవడంతో లెబనాన్ జనం కొన్ని ఇళ్లను దుంగల మీద దొర్లించుకుంటూ ఫ్రిస్కోకు తరలించుకున్నారు. ఇల్లు దొర్లించుకుపోవచ్చు, సమాధిని తీసుకుపోలేరు కదా. చూసుకునే మనిషి లేని సమాధుల తోటలు ఈ నేల మీద ఇన్ని ఉండటానికి ముఖ్య కారణం అదే.

పని కౌంటీ క్లర్క్ ఆఫీసులో మొదలుపెట్టాం. మన దగ్గర స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం చూడండి, ఇక్కడా అదే పద్ధతి. ఇప్పటి దస్తావేజు నుంచి ఒక్కో అమ్మకం వెనక్కి పోతూ మొదటి పట్టా దాకా చేరాలి. టైటిల్ కంపెనీలు సాధారణంగా కొన్ని దశాబ్దాల దాకా చూసి ఆపేస్తాయి, ఎందుకంటే వాళ్లకు కావలసింది అప్పులూ తాకట్లూ. మాకు కావలసింది అంతకన్నా చాలా వెనక ఉంటుంది. 1870ల నాటి ఒక అమ్మకపు దస్తావేజులో అది దొరికింది. చెక్కుబందీ అంతా రాశాక చివర్లో ఒక్క వాక్యం: సమాధులున్న ఒక ఎకరం, దానికి రాకపోకల హక్కు ఈ అమ్మకంలోంచి మినహాయించడమైనది. కొలతలన్నీ వారాల్లో ఉన్నాయి. వారా అంటే స్పానిష్ కాలం నుంచి వచ్చిన కొలత, టెక్సాస్ లెక్కలో 33⅓ అంగుళాలు. ఎకరం ఒక మూల "బోడార్క్ గుంజ" దగ్గర మొదలవుతుందని రాశారు. బోడార్క్ ఈ ప్రాంతపు చెట్టు. మాను గట్టిది, మట్టిలో ఏళ్ల తరబడి పుచ్చదు.

ఆ వాక్యం తర్వాతి రెండు అమ్మకాల్లోనూ అలాగే వచ్చింది. మహామాంద్యంలో పత్తి ధర పౌనుకు 6 సెంట్ల దగ్గరికి పడిపోయిన కాలంలో పొలం అప్పు కింద పోయింది. ఆ దస్తావేజులో చెక్కుబందీ కొత్తగా రాశారు, మినహాయింపు వాక్యం రాయలేదు. కావాలని చేశారని నేననుకోను. గుమాస్తా కొత్త సర్వే చూసి కొలతలు దించుకున్నాడు, అంతే. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి దస్తావేజూ దీన్ని చూసే రాశారు. ఒక్క వాక్యం తప్పిపోవడంతో ఆ ఎకరం పత్తి చేనులో కలిసిపోయింది. చట్టం దృష్టిలో మాత్రం కలవలేదు. టెక్సాస్ హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 711వ అధ్యాయం ప్రకారం, శ్మశానానికి అంకితమైన నేలను కోర్టు ఉత్తర్వుతో ఆ అంకితం తీసేయించేదాకా ఇంకో పనికి వాడకూడదు. మధ్యలో ఎన్ని చేతులు మారినా, దస్తావేజులో రాసినా రాయకపోయినా, కొన్నవాడు ఆ హక్కుకు లోబడే కొన్నట్టు. ఇంజినీరుకు ఇది వివరించిన రోజే డ్రైనేజీ టెండరు ఆగింది.

వారాలను అడుగుల్లోకి మార్చి, మొదటి పట్టా సర్వే మూలల నుంచి కొలుచుకుంటూ వస్తే ఆ ఎకరం సెడార్ గుంపు మీద పడింది, కానీ మొత్తంగా కాదు. గుంపు పావు ఎకరం కూడా లేదు. మిగతాది దున్నిన నేల. 1930ల చివర్లో అమెరికా వ్యవసాయ శాఖ తీయించిన విమాన ఫొటోలో చెట్ల గుంపు ఇప్పటికన్నా వెడల్పుగా ఉంది. ఆ తర్వాత దశాబ్దాల ఫొటోల్లో తూర్పు అంచు కొద్దికొద్దిగా లోపలికి జరుగుతూ వచ్చింది. ట్రాక్టర్ తిప్పుకోవడానికి ప్రతి రైతూ ఒక సాలు ముందుకు జరిగాడన్నమాట. 1936 నుంచి టెక్సాస్ హైవే శాఖ వేసిన కౌంటీ మ్యాపుల్లో శ్మశానాలకు విడిగా గుర్తు ఉంటుంది. మా చోట ఆ గుర్తు లేదు. మ్యాపులో గుర్తు లేదంటే సమాధులు లేవని కాదు. ఆ మ్యాపులు వేసినవాళ్లు చూసింది రోడ్డు మీంచి.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లైడార్ (విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచిన నేల ఎత్తులు) డేటాతో చెట్లు తీసేసినట్టుగా నేల ఎత్తుపల్లాలు చూశాం. గుంపు కింద వరసగా చిన్న గుంతలు, అన్నీ తూర్పు పడమరలుగా. ఆనాటి క్రైస్తవులు తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెట్టి పాతిపెట్టేవాళ్లు, పునరుత్థాన దినాన లేస్తే ముఖం తూర్పుకు ఉండాలని. దున్నిన వైపు లైడార్ ఏమీ చెప్పలేదు. నాగలి అన్నిటినీ చదును చేసేస్తుంది.

తర్వాత నేల మీదికి వెళ్లాం. ఈ పని ఫిబ్రవరిలో చేయడం మేలు. గడ్డి ఎండిపోయి ఉంటుంది, పాములు బయట తిరగవు, నార్సిసస్ పూలు పూసి ఉంటాయి. ఎవరూ నాటకుండా పొలం మధ్య నార్సిసస్ వరసగా పూయదు. తెల్ల ఐరిస్, సెడార్, నేల మీద పాకే వింకా తీగ, ఇవన్నీ సమాధుల దగ్గర నాటిన మొక్కలు. వింకా మన బిళ్లగన్నేరుకు దగ్గరి చుట్టం. తీగ ఎక్కడిదాకా పాకిందో చుట్టూ జెండాలు గుచ్చాం. కొన్ని జెండాలు చెట్ల గుంపు చుట్టూ ఉన్న కంచె బయట పడ్డాయి.

చెట్ల కింద నిలబడి ఉన్న రాళ్లు పదికి మించి లేవు. పొలం గట్టున, బోడార్క్ చెట్ల వరసలో ఇంకొన్ని రాళ్లు కుప్పగా ఉన్నాయి, దున్నేటప్పుడు అడ్డమొచ్చి తీసి పడేసినవి. రాయి ఉన్న చోటే సమాధి ఉందనుకోవడానికి ఈ నేలలో అసలు వీల్లేదు.

నేను గుంటూరు జిల్లా నల్లరేగడిలో పెరిగాను. ఇక్కడి నేలా అదే జాతి. హ్యూస్టన్ బ్లాక్ అంటారు, టెక్సాస్ రాష్ట్ర మృత్తికగా చెప్పుకునేది ఇదే. మన రేగడీ ఇదీ రెండూ శాస్త్రవేత్తలు వర్టిసాల్ అనే వర్గంలోవే. ఎండాకాలం నెర్రెలిచ్చి చెయ్యి దూరేంత లోతున పగులుతుంది, వాన పడితే ఉబ్బుతుంది, ఏటా లోపలి మట్టి పైకీ పైమట్టి లోపలికీ మారుతూ ఉంటుంది. ఈ కదలికకు నిలబెట్టిన రాయి ఒరుగుతుంది, పడుతుంది, చివరికి పూడిపోతుంది. సమాధి గుంత అంచులు కూడా కాలక్రమాన చెరిగిపోతాయి. నేల లోపలికి తరంగాలు పంపి చూసే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ తెస్తే అన్నీ బయటపడతాయని బిల్డర్ గట్టిగా నమ్మారు. ఇసుక నేలలో ఆ రాడార్ బాగా పనిచేస్తుంది. బంకమట్టిలో, అందులోనూ తడి ఉన్నప్పుడు, తరంగాలు కాస్త లోతుకే ఇంకిపోతాయి. ఎండినప్పుడు చేద్దామంటే నెర్రెలే గుంతల్లా కనిపిస్తాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏ నేలలోనైనా రాడార్ ఎముకలను చూపించదు, మట్టి కదిపిన ఆనవాలును చూపిస్తుంది. మేం రాడార్ నడిపాం, చెట్ల కింద కొన్ని ఆనవాళ్లు వచ్చాయి. దున్నిన వైపు వచ్చిన బొమ్మ మీద సంతకం పెట్టి హద్దు తేల్చడానికి నేను ఒప్పుకోలేదు.

హద్దు ఎక్కడ వెతకాలో మాకు చెప్పింది ఒక పసిబిడ్డ రాయి. పాలరాయి, పైన పడుకున్న గొర్రెపిల్ల, చెవులు అరిగిపోయి ఉన్నాయి. అక్షరాలు ఎదురుగా చూస్తే కనిపించవు. ఒక పక్కనుంచి అద్దంతో ఎండను రాతి మీదికి ఏటవాలుగా పడేలా పట్టుకుంటే లేచి కనపడ్డాయి. 1860 ఫిబ్రవరిలో పోయిన బిడ్డ. వయసు ఒక ఏడాది, నాలుగు నెలలు, పదకొండు రోజులు. ఆనాటి రాళ్ల మీద వయసు ఇలా రోజులతో సహా చెక్కేవాళ్లు.

టెక్సాస్‌లో మరణాల నమోదు రాష్ట్రమంతటా మొదలైంది 1903లో. అంతకుముందు వాటికి డెత్ సర్టిఫికెట్ ఉండదు. కానీ 1850 నుంచి 1880 దాకా ప్రతి జనగణనలో దానికి ముందు ఏడాదిలో పోయినవాళ్ల జాబితా విడిగా రాసేవారు. 1860 జాబితాలోకి 1859 జూన్ నుంచి 1860 మే దాకా పోయినవాళ్లు వస్తారు. బిడ్డ పోయిన నెల అందులో పడుతుంది. వెతికితే దొరికింది, స్కార్లెట్ ఫీవర్ అని రాసి ఉంది. ఆ జాబితాలో స్వతంత్రులా బానిసలా అనే గడి కూడా ఉంటుంది. బిడ్డ పేరు ఉన్న పుటలోనే, ఆ ఇంటివాళ్ల కిందే, అదే ఏడాది పోయిన ఇద్దరు బానిసలు ఉన్నారు. ఇంటిపేరు లేదు, ఒట్టి పేరు, వయసు, జబ్బు. 1850, 1860 బానిసల జాబితాల్లో మామూలుగా పేర్లే ఉండవు, యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, ఇలాంటి వివరాలే. మరణాల జాబితాలో ఆ ఇద్దరికి పేర్లు దక్కాయి.

వాళ్లను ఎక్కడ పాతిపెట్టారు? ఇలాంటి చోట్ల సాధారణంగా కంచె బయట, యజమాని కుటుంబానికి ఎడంగా, రాయి లేకుండా, లేదా పేరు లేని పొలం రాయి నిలబెట్టి. అంటే మేం గాలించాల్సింది ఆ దున్నిన నేలే. బిల్డర్‌కు కంచె లోపలిది వదిలేయడానికి అభ్యంతరం లేదు. కంచె బయట ఒక వరస ప్లాట్లు వస్తున్నాయి. అసలు పోరాటం అక్కడ మొదలైంది.

ఒక పురావస్తు నిపుణురాలు దగ్గరుండి, పళ్లు లేని బకెట్ బిగించిన యంత్రంతో కంచె బయట పైమట్టిని పలచగా, పొరపొరగా గీకించారు. ఇక్కడ నల్లమట్టి కింద ఆస్టిన్ చాక్ అనే తెల్లటి సుద్దరాయి పొర ఉంటుంది. గుంత తవ్వినవాళ్లు ఆ పొరను తాకితే సుద్ద తునకలు పైకి వస్తాయి, పూడ్చేటప్పుడు నల్లమట్టిలో కలిసిపోతాయి. గీకిన నేల మీద నీళ్లు చిలకరించి, కాస్త ఆరాక చూస్తే నల్లటి నేలలో తెల్ల చుక్కలున్న నలుచదరాలు తేలాయి. తూర్పు పడమరలుగా, మనిషి పొడవున. కొన్ని మూరెడు పొడవున. అంచు గుర్తించగానే అక్కడితో ఆపేశాం. లోపల ఏముందో చూడటం మా పని కాదు, అందుకు అనుమతీ లేదు, అవసరమూ లేదు. కొలతలు తీసి, గుడ్డ పరిచి, మళ్లీ మట్టి కప్పేశాం. తర్వాత వరస వరసగా బయటికి జరుగుతూ, నలుచదరాలు లేని ఖాళీ నేల తగిలేదాకా గీకించాం. ఖాళీ నేలను చూపించగలిగితేనే హద్దు తేలినట్టు.

తెలియని శ్మశానాన్ని కనుగొన్నవాళ్లు పది రోజుల్లోగా కౌంటీ క్లర్క్‌కు నోటీసు దాఖలు చేయాలని చట్టం చెబుతోంది. క్లర్క్ దాని నకలు టెక్సాస్ హిస్టారికల్ కమిషన్‌కు పంపుతారు. గీకే పని పూర్తయ్యాక చేద్దామని బిల్డర్ లాయరు అన్నారు. మేం ఆగలేదు. మొదటి నలుచదరం కనపడ్డ వారంలోనే దాఖలు చేసి, హద్దు తేలాక కొత్త కొలతలతో మళ్లీ నమోదు చేయించాం. షుగర్‌ల్యాండ్‌లో 2018లో స్కూలు భవనం కట్టే చోట 95 మంది అవశేషాలు బయటపడ్డాయి. ఖైదీలను చెరకు తోటలకు అద్దెకిచ్చిన కాలం నాటివాళ్లు. అక్కడ సమాధులు ఉండొచ్చని రెజినాల్డ్ మూర్ అనే ఆయన అంతకు చాలా ఏళ్ల ముందు నుంచీ చెబుతూ వచ్చారు. ఆయన మాట రికార్డులోకి ఎక్కి ఉంటే కథ వేరుగా ఉండేది. ఈ సంగతి చెప్పాక లాయరు మళ్లీ అడ్డు చెప్పలేదు.

చివరికి బిల్డర్ ఆ వరస ప్లాట్లు వదులుకున్నారు. మంచి మనసుతో ఒప్పుకున్నారని చెప్పాలి. లెక్క కూడా సాయపడింది. కోర్టుకెళ్లి అంకితం తీసేయించి, అవశేషాలు తరలించి, వారసులను వెతికి ఒప్పించడం కన్నా లేఅవుట్ మార్చుకోవడమే చవక. చివరి సమాధి అంచు నుంచి 25 అడుగుల ఖాళీ ఉంచి, రోడ్డు నుంచి నడకదారి పెట్టాం. బయటి నుంచి దారి లేని శ్మశానానికైనా చూడటానికి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలని ఈ రాష్ట్ర చట్టంలోనే ఉంది. కానీ ప్లాను మీద గీత ఉంటే ఎవరూ బతిమాలుకోనక్కర్లేదు. ఒక్క విషయంలో గట్టిగా వాదించాల్సి వచ్చింది. బ్రోచర్‌లో దాన్ని "హెరిటేజ్ పార్కు" అని రాస్తామన్నారు. ప్లాటు మ్యాపు మీద సెమెటరీ అనే రాయాలని మేం పట్టుబట్టాం. పార్కు అని రాస్తే ఇంకో ముప్పై ఏళ్లకు ఎవరో ఊయలలు దించుతారు.

సేల్స్ ఆఫీసు దగ్గర ఒక తెలుగు కుర్రాడు నన్ను పట్టుకుని అడిగాడు, "అన్నా, ప్లాటు బాగానే ఉంది, కానీ శ్మశానం పక్కనంటే ఇంట్లో అమ్మవాళ్లు ఒప్పుకోరు. నిజంగా ఉందా?" ఉందనే చెప్పాను, హద్దు ఎక్కడో మ్యాపు మీద చూపించాను. అతను ఆ ప్లాటు తీసుకోలేదు. తప్పు లేదు, అది వాళ్ల నమ్మకం. తెలిసి వద్దనుకోవడం వేరు, తెలియక కొని పెరట్లో ఈతకొలను తవ్వించుకోవడం వేరు. ఆ పక్క వరసలోనే ఇంకో తెలుగు కుటుంబం ఇల్లు తీసుకుంది. వాళ్ల అమ్మాయి స్కూలు సేవా గంటల కోసం ఇప్పుడు ఆ రాళ్ల ఫొటోలకు పేర్లు, తేదీలు ఎక్కిస్తోంది.

రాళ్ల శుభ్రం గురించి వాలంటీర్లకు చెప్పింది కొద్దిగానే. బ్లీచ్ వద్దు, వైర్ బ్రష్ వద్దు, ప్రెషర్ వాషర్ అసలే వద్దు. బ్లీచ్‌లోని ఉప్పు రాతి రంధ్రాల్లో గడ్డకట్టి లోపలి నుంచి పగలగొడుతుంది. ముందే అరిగిన పాలరాయి పై పొర పంచదారలా రాలిపోతుంది. వేలితో తాకి చూసి, రాలేలా ఉంటే వదిలేయాలి. గట్టిగా ఉంటే మంచినీళ్లతో బాగా తడిపి, మెత్తటి బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దాలి. నాచు, లైకెన్ పోవడానికి డీ/2 అనే ద్రావణం వాడాం. ఒరిగిన రాళ్లను సిమెంటులో పాతొద్దు. ఇసుక, సన్న కంకర వేసి నిలబెడితే రేగడి కదిలినా రాయి విరగకుండా కాస్త సర్దుకుంటుంది. చెట్ల వేర్లు పీకొద్దు, మొదలు దాకా కోసి వదిలేయాలి. గట్టున కుప్పగా ఉన్న రాళ్లు ఎవరి తలాపునవో ఇప్పుడు తేలదు కాబట్టి వాటిని సమాధుల మీద నిలబెట్టలేదు. కంచె లోపల ఒక పక్కగా, కంకర పరుపు మీద పడుకోబెట్టి, ఎక్కడ దొరికాయో రికార్డులో రాశాం.

యాభై ఏళ్లు దాటిన శ్మశానానికి హిస్టారిక్ టెక్సాస్ సెమెటరీ గుర్తింపు కోరవచ్చు. 1998 నుంచి ఈ పద్ధతి ఉంది. గుర్తింపు వచ్చాక దాన్ని కౌంటీ దస్తావేజుల్లో ఆ భూమి మీదే నమోదు చేస్తారు. బోర్డు కన్నా నాకు ముఖ్యమైంది అదే. రేపు ఎవరు టైటిల్ తీయించినా మొదటి పుటల్లోనే తగులుతుంది. దరఖాస్తు వెళ్లింది. 1870 జనగణనలో, మొదటిసారి ఇంటిపేర్లతో నమోదైన నల్లజాతి కుటుంబాల్లో, మరణాల జాబితాలోని ఆ ఇద్దరు బానిసల తాలూకు వాళ్లు కావచ్చనిపించిన ఒక కుటుంబం ఉంది. మెకిన్నీ వైపు ఒక ఆఫ్రికన్ అమెరికన్ చర్చి పెద్దలతో కలిసి ఆ లింకు చూస్తున్నాం. రుజువయ్యేదాకా ఫలకం మీద ఎవరినీ వారసులని రాయం. పేర్లు మాత్రం, మరణాల జాబితాలో ఉన్నవి ఉన్నట్టుగా, దరఖాస్తులో చేర్చాం.

దక్షిణం వైపు ఒక పని మిగిలింది. చివరి వరస నలుచదరాలు కౌంటీ రోడ్డు పక్క కాలువ దాకా వచ్చి ఆగాయి. ఆ వైపు ఖాళీ నేల మాకు తగల్లేదు, తారు అడ్డమొచ్చింది. రోడ్డు వెడల్పు చేసే ప్రతిపాదన ఉంది. అందుకని ఆ వైపు హద్దును చుక్కల గీతగా చూపించి, "పరిశీలించని భాగం" అని మ్యాపు మీదే రాసి, నోటీసు నకలు రోడ్ల విభాగానికి రసీదు తీసుకుని ఇచ్చాం.